నూట యాభై నిండిన అమ్మమ్మకు జేజేలు

నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవించడం మన పెద్దల అలవాటు. ఈ ఏడు మనం పండుగ చేసుకుంటున్న ఇల్లాలికి ఆ దీవెన చాలదు. ఆమె వెలిగించిన దీపం నూరేళ్లు ఎప్పుడో దాటింది, ఆ పైన మరో యాభై కూడా నింపుకుంది. 1876లో ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో, ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ అనే చిన్న పల్లెలో, గుడి అయ్యగారి ఇంట్లో పుట్టిన తల్లుల సంఘం మదర్స్ యూనియన్‌కు ఈ 2026తో 150 ఏళ్లు. పుట్టించిన తల్లి పేరు మేరీ సమ్నర్. ముగ్గురు బిడ్డల తల్లి, ఒక పసిగుడ్డుకు కొత్తగా అమ్మమ్మ, ఏ జీతమూ ఏ నియామకమూ లేకుండా జీవితమంతా గుడి పని చేసిన మనిషి. ఆదివారం తెల్లవారుజామున లేచి గుడి ఊడ్చి చాపలు పరిచే తెలుగు తల్లులందరి తరఫున, వాళ్ల మనవలూ మనవరాళ్లమైన మేము ఆ అమ్మకు చేతులు జోడించి ఈ నాలుగు మాటలు అర్పించుకుంటున్నాం.

ఆమెను మన పాఠకులకు పరిచయం చేయడం కష్టం కాదు. మన సంఘాల్లో పాస్టరును అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. అయ్యగారికి అభిషేకం ఉంటుంది, అంగీ ఉంటుంది, బదిలీ కాగితం ఉంటుంది. అమ్మగారికి ఏమీ ఉండవు. అయినా సండే స్కూలు ఆమెదే, పాటలు నేర్పేది ఆమే, ఏ ఇంట్లో పురుడొచ్చినా చావొచ్చినా ముందు కబురు అందేది ఆమెకే. మేరీ సమ్నర్ అచ్చంగా అలాంటి అమ్మగారు. లండను వెళ్లి సంస్థ పెట్టిన సంఘసంస్కర్తగా కాక, వాకిట్లోకి వచ్చిన నలుగురిని లోపలికి పిలిచి కూర్చోబెట్టిన అమ్మగారిగా ఆమెను తలుచుకుంటేనే ఈ పండుగకు అర్థం.

ఆమె 1828 డిసెంబరు 31న, మాంచెస్టరు దగ్గర స్వింటన్‌లో పుట్టింది. తండ్రి థామస్ హేవుడ్ బ్యాంకు నడిపిన కుటుంబంవాడు, పాత చరిత్ర మీద మక్కువ ఉన్నవాడు. ఆమెకు ఊహ తెలిసేనాటికి కుటుంబం హియర్‌ఫర్డ్‌షైర్‌లోని హోప్ ఎండ్ అనే ఎస్టేటుకు మారింది. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ చిన్నతనం గడిచిన ఇల్లే అది. చదువంతా ఇంట్లోనే. మూడు పరాయి భాషలు వచ్చాయి, గొంతు మంచిది, సంగీతం శ్రద్ధగా నేర్చుకుంది. తల్లి ఆ చుట్టుపక్కల స్త్రీలను పోగుచేసి కూటాలు పెడుతుంటే చూస్తూ పెరిగింది. ఏ తల్లి చేతి పనీ ఊరికే పోదు. కూతురి చేతిలో ఎప్పుడు మొలకెత్తుతుందన్నదే తేలాల్సిన లెక్క.

సంగీతం కోసం రోముకు వెళితే అక్కడ జార్జి సమ్నర్ పరిచయమయ్యాడు. వించెస్టర్ బిషప్పుగారి కొడుకు. 1848 జులై 26న పెళ్లి. ఆమెకు అప్పటికి పంతొమ్మిది. 1851లో భర్తకు ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ సంఘం అప్పగించారు. అంతే, ఆ తర్వాత పాతికేళ్లపాటు చరిత్ర పుస్తకాలకు ఎక్కదగిన పని ఆమె ఏదీ చేయలేదు. ముగ్గురు పిల్లలను పెంచింది: మార్గరెట్, లూయీసా, జార్జి హేవుడ్. సండే స్కూలు నడిపింది, గుడిలో సంగీతం చూసుకుంది, భర్త పరిచర్యకు రెండో చేయి అయింది. ఈ పాతికేళ్లను జీవితచరిత్రలు నాలుగు వాక్యాల్లో దాటేస్తాయి. నాకైతే అసలు సంగతంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఆ తర్వాత చేసిన ప్రతి పనికీ పెట్టుబడి ఆ పేరులేని రోజుల్లో కూడబెట్టుకున్నదే.

ఒక్క జ్ఞాపకం మాత్రం ఆమె వదల్లేదు. మొదటి బిడ్డను చేతుల్లో పెట్టినప్పుడు కలిగిన భయం. ఇంత చదువుకున్నాను, మూడు భాషలు వచ్చు, పాడటం వచ్చు, ఈ ఒక్క ప్రాణాన్ని మనిషిగా పెంచడం ఎలాగో మాత్రం నాకెవరూ నేర్పలేదే అన్న దిగులు అది. పసిబిడ్డను మొదటిసారి ఎత్తుకున్న ప్రతి తల్లికీ తెలిసిన దిగులే. చాలామందిమి నిద్రలేని రాత్రులతో పాటు దాన్నీ మరిచిపోతాం. ఆమె ఇరవై ఏళ్లకు పైగా దాచుకుంది.

1876లో పెద్దకూతురు మార్గరెట్ తల్లయింది. మేరీ అమ్మమ్మ అయింది, వయసు నలభై ఏడు. మనవైపు తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవడం ఆచారం. ఎందుకో ఎవరూ విడమరచి చెప్పరు గానీ పురిటి గదిలో కూర్చున్న ప్రతి అమ్మమ్మకూ తెలుసు. స్నానం పోయడం, కాటుక పెట్టడం, ఏడుపులో ఆకలి ఏడుపు ఏదో కడుపునొప్పి ఏడుపు ఏదో పోల్చుకోవడం, ఇవన్నీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేది ఆ గదిలోనే. కూతురి ముఖంలో తన పాత భయాన్ని చూసిన మేరీకి ఒక ప్రశ్న పుట్టింది. నా కూతురికి నేనున్నాను, మరి ఊళ్లో మిగతా ఆడపిల్లలకు ఎవరున్నారు? ఆ రోజుల ఇంగ్లండు ఇప్పటి ఇంగ్లండు కాదు. వెయ్యిమంది పుడితే సుమారు 150 మంది ఏడాది నిండకముందే కన్నుమూసేవారు. పేదింటి తల్లి పొలానికో పనికో పోతే పెద్దింటి తల్లి బిడ్డను ఆయా చేతుల్లో పెట్టేది. ఇద్దరి దగ్గరా బిడ్డకు అమ్మ సగమే దొరికేది. పురిటి గదిలోని ఆ తోడును ఊరందరి ఆస్తి చేయాలన్నది ఆమెకు తోచిన ఆలోచన. 150 ఏళ్లుగా ఎన్ని శాఖలు మొలిచినా వేరు అదొక్కటే.

ఇక ఆ మొదటి కూటం ముచ్చట. ఈ పండుగ రోజున చెప్పుకోవలసిన మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఊరి తల్లులందరికీ కబురు పెట్టింది. గొప్పింటివాళ్లు, కూలి ఇళ్లవాళ్లు అందరూ అయ్యగారి ఇంటికి వచ్చారు. పట్టుగౌనూ పనిబట్టలూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చోవడం ఆ కాలపు ఇంగ్లండులో ఎంత వింతో, మన ఊళ్లలో ఊరిబావి కథలు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అందరూ కూర్చున్నారు. అందరూ అమ్మగారి వైపు చూస్తున్నారు. అమ్మగారు లేచింది. నోరు పెగల్లేదు. రోములో సంగీతం నేర్చుకున్న గొంతు, పాతికేళ్లుగా పిల్లలకు బైబిలు కథలు చెప్పిన గొంతు, పెద్దవాళ్ల ముందు ఆ పూట మూగబోయింది. చివరకు, వచ్చే వారం మళ్లీ రమ్మని మాత్రం చెప్పి వాళ్లను పంపించేసింది.

అవమానంతో తలుపు మూసుకుని ఉంటే మనకు ఈ పండుగ లేదు. వారం గడిచింది. ఆమె నిలబడింది, మాట్లాడింది. అంతకన్నా పెద్ద అద్భుతం, తల్లులు మళ్లీ వచ్చారు! మొదటిసారి ఏమీ వినకుండా వెనక్కి నడిచిన ఆ హాంప్‌షైర్ ఇల్లాళ్లు రెండోసారి ఎందుకు వచ్చారో ఏ గ్రంథమూ చెప్పదు. మన స్త్రీల కూటాలకు వెళ్లినవాళ్లు మాత్రం ఊహించగలరు. తడబడకుండా ప్రసంగించే మనిషిని మెచ్చుకుంటాం, మన ముందు తడబడిన మనిషిని మనదాన్ని చేసుకుంటాం.

వచ్చిన ప్రతి తల్లికీ ఒక కార్డు ఇచ్చారు. బాప్తిస్మంలో దేవునికి అప్పగించిన బిడ్డను ఆ దేవుని కోసమే పెంచుతానన్న మాట మీద సంతకం. సంతకం రాని చేతులూ ఆ గదిలో ఉండే ఉంటాయి. పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. నీ నడతే నీ బిడ్డకు మొదటి పాఠం, నువ్వు ప్రార్థన చేయనిదే వాడు నేర్చుకోడు, అన్నంత తేలికైన సంగతులు. అంత తేలికైనవి కనుకే పాటించడం బరువు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అది ఒక్క పల్లె కూటంగానే సాగింది. అప్పుడు 1885 వచ్చింది. పోర్ట్స్‌మత్‌లో చర్చి మహాసభ. స్త్రీల కోసం వేరుగా పెట్టిన కూటంలో న్యూకాసిల్ బిషప్పు ఎర్నెస్ట్ విల్బర్‌ఫోర్స్ మాట్లాడాలి. ఎదురుగా వెయ్యిమందికి పైగా స్త్రీలు. తల్లులకు నేను చెప్పగలిగింది తక్కువే అనుకున్నాడో ఏమో, ఆ పెద్దమనిషి తన సమయంలో చాలా భాగం పక్కనున్న మిసెస్ సమ్నర్‌కు ఇచ్చేశాడు. ఆయనకూ ఈ సందర్భంలో ఒక దండం పెట్టాలి; చేతికి అందిన మైకును ఇంకొకరికి ఇచ్చేసే బిషప్పులు ఏ కాలంలోనూ కొల్లలుగా ఉండరు. (అప్పటికి మైకులు లేవనుకోండి, మాట వరసకన్నాను.) ఊరి తల్లుల ముందే నోరు పెగలని ఆ మనిషి, యాభై ఆరేళ్ల వయసులో, వణుకుతూనే లేచి, దేశం నీతి ఉయ్యాల దగ్గర మొదలవుతుందని గుండె విప్పి మాట్లాడింది. విన్న స్త్రీలు ఊరుకోలేదు. తమ తమ ఊళ్లకు వెళ్లి కూటాలు పెట్టారు. వించెస్టర్ అధ్యక్ష మండలమంతటా అది అధికారిక సంఘమైంది.

ఇక అక్కడి నుంచి ఏళ్లు వరసకట్టి నడిచాయి. 1886లో సముద్రాలు దాటి న్యూజిలాండుకు చేరింది. 1888లో తల్లుల కోసం ఒక పత్రిక వెలువడింది, 1891లో రెండోది, ఆ కాలపు పేరుమోసిన నవలాకారిణి షార్లెట్ యంగ్ సంపాదకత్వంలో. మొదటిది శ్రామిక కుటుంబాల తల్లులకు, రెండోది చదువుకున్న ఇళ్ల తల్లులకు. ఒకే గదిలో కూర్చోబెట్టిన అమ్మే వేర్వేరు పత్రికలు చదివించిందన్నమాట. ఆ దేశపు వర్గ భేదం అంత తేలిగ్గా చావలేదు. 1892 నాటికి 28 మండలాల్లో 60,000 మంది సభ్యులు. 1896లో కేంద్ర మండలి ఏర్పడి మేరీ సమ్నర్‌ను ఏకగ్రీవంగా అధ్యక్షురాలిని చేసింది. 1897లో, తన పాలన అరవై ఏళ్ల పండుగ నాడు, విక్టోరియా రాణి పోషకురాలై గౌరవించింది. 1900 నాటికి సభ్యులు 1,69,000. ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ ఇంట్లో మాట రాక పంపేసిన ఆ గుప్పెడు మంది పాతికేళ్లు తిరగకుండానే లక్షా అరవై తొమ్మిది వేలయ్యారు!

ఇంటి లెక్కలూ చెప్పుకుందాం, పండుగ కదా. భర్త గిల్డ్‌ఫర్డ్ బిషప్పు అయ్యాడు. కొడుకు హేవుడ్ సమ్నర్ గుడి గోడల మీద బొమ్మలు చెక్కిన చిత్రకారుడిగా, తర్వాత న్యూ ఫారెస్ట్ అడవుల్లో పాత కాలపు ఆనవాళ్లు తవ్వి తీసిన పురాతత్త్వవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. 1908కి దంపతులు అరవై ఏళ్ల కాపురం నింపుకున్నారు. మరుసటి ఏడు జార్జి కన్నుమూశాడు. ఎనభై ఏళ్లు నిండేదాకా ఆమె అధ్యక్ష పీఠంలో ఉంది. 1921 ఆగస్టు 11న, తొంభై రెండేళ్ల పండు వయసులో వెళ్లిపోయింది. వించెస్టర్ పెద్ద గుడి ఆవరణలో భర్త పక్కనే సమాధి. ఏటా ఆగస్టు 9న ఇంగ్లండు సంఘం ఆమెను తన పంచాంగంలో స్మరించుకుంటోంది. వీరమరణం పొందకుండా, సన్యాసం తీసుకోకుండా, పిల్లలను పెంచి మనవలను ఎత్తుకుని ఆ పంచాంగానికి ఎక్కడం చిన్న సంగతేమీ కాదు.

పండుగనాడు ఇంటి మచ్చను బయటపెట్టడం మన మర్యాద కాకపోవచ్చు గానీ, చెప్పకపోతే ఈ అభినందన పొగడ్తగా మిగులుతుంది. వివాహ బంధం తెగరాదన్న పట్టుదలతో మదర్స్ యూనియన్ విడాకులైన స్త్రీలకు చాలాకాలం తలుపు తెరవలేదు. ఎవరికి తోడు అందరికన్నా ఎక్కువ కావాలో వాళ్లే గుమ్మం బయట నిలబడ్డారు. 1974లో నియమాలు మారి ఆ తలుపు తెరుచుకుంది. ఆలస్యమే. ఐనా వందేళ్లు దగ్గరపడ్డాక తన మాట తాను దిద్దుకోగలగడం ఎంతమంది అమ్మమ్మల వల్ల అవుతుంది? మన ఇళ్లలో అడిగి చూడండి.

ఆ తలుపు తీశాక ఇల్లు ఇంకా పెద్దదైంది. ఇప్పుడు 80కి పైగా దేశాల్లో 40 లక్షలకు పైబడిన సభ్యులు. ఎక్కువమంది ఆఫ్రికాలోనే. బురుండీ, మలావీ, సూడాన్ దేశాల్లో చదువురాని తల్లులకు అక్షరాలు నేర్పే పని ఈ శతాబ్దంలో చేపట్టారు. ఒకనాడు కార్డు మీద సంతకం పెట్టలేని తల్లులను చేర్చుకున్న సంఘం ఇప్పుడు సంతకమే నేర్పుతోంది. నీలం తెలుపు బట్టల్లో పాటలు పాడుతూ బారులు తీరే ఆఫ్రికా తల్లులను చూస్తే, స్త్రీల ఆదివారం నాడు ఒకే రంగు చీరలు కట్టుకుని గుడికి వచ్చే మన స్త్రీల సమాజం అక్కలు గుర్తొస్తారు. ఆ చీర రంగు నిర్ణయించడానికి అయ్యే చర్చ గురించి ఇక్కడ రాయను, ఇంటికి వెళ్లాలి.

మన గడప దగ్గరికి వద్దాం. మేరీ సమ్నర్ ఎనభై నాలుగేళ్లు నిండబోతున్న రోజుల్లో, 1912 డిసెంబరు 29న, వి.ఎస్. అజరయ్యగారు కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్‌కు బిషప్పు అయ్యారు. ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయనకూ ఇంట్లో ఒక అమ్మగారు ఉన్నారు, అన్బు అజరయ్య. ఆ దోర్నకల్ పల్లెల్లోనే పిడికెడు బియ్యం పద్ధతి వేళ్లూనింది. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తుంది, ఆదివారం అది గుడికి చేరుతుంది. రేపటికి ఉంటుందో లేదో తెలియని ఇంట్లో, పూటపూటా, ఎవరూ చూడకుండా. ఆ పిడికిళ్లే సంఘాల్ని నిలబెట్టాయి. బైబిలు స్త్రీలు ఊరూరా నడిచి వెళ్లారు, సమాజం అక్కలు రోగుల ఇళ్లకు గంజి మోసుకెళ్లారు, కోత పండుగకు గుమ్మడికాయల్ని, కోడిపెట్టల్ని వేలం వేసి గుడి పైకప్పు రేకులు మార్పించారు. వాళ్లలో చాలామందికి హాంప్‌షైర్ ఎక్కడుందో తెలియదు. మేరీ సమ్నర్‌కు దోర్నకల్ అడవిదారులు తెలియనట్టే. చేసిన పని మాత్రం ఒక్కటే. యొప్పేలో విధవరాండ్రకు బట్టలు కుట్టిపెట్టిన దొర్కా, తిమోతికి విశ్వాసం ఉగ్గుపాలతో పట్టిన అవ్వ లోయి మొదలుపెట్టిన పని.

అందుకే ఈ అభినందన రెండు వైపులకూ చెందుతుంది. అమ్మా మేరీ సమ్నర్, నీ వంశం వర్ధిల్లుగాక. నీ ఇంటి మొదటి కూటానికి వచ్చి, వారం ఆగి, మళ్లీ వచ్చిన ఆ పేరులేని తల్లుల సంతతి దినదినాభివృద్ధి చెందుగాక. నలభై లక్షలు కోటి కావాలి, ఆ కోటిలో మా ఊళ్ల ఆడబిడ్డల కూతుళ్లు, కోడళ్లు కూడా ఉండాలి. పసిబిడ్డను ఒంటరిగా ఒడిలో పెట్టుకుని బెదిరే తల్లి ఏ ఖండంలో ఉన్నా, ఆమె గుమ్మంలోకి ఒక పెద్ద దిక్కు నడిచి వచ్చుగాక. మా గుళ్లలో చాపలు మడతపెట్టే ముసలి చేతులకు బలం కలుగుగాక, వాటి నుంచి ఆ చాపలు అందుకునే పడుచు చేతులు వరస తప్పకుండా వచ్చుగాక. 200 ఏళ్ల పండుగకు మేము ఉండం. మా మనవరాళ్లు ఉంటారు, ఇంతకన్నా బాగా రాస్తారు.

పాట అయింది, ప్రార్థన అయింది, దీవెన అయింది. టీ గ్లాసులు తిరుగుతున్నాయి. పద్దు పుస్తకం మూయబోతూ సమాజం కార్యదర్శి అక్క తలెత్తి అందరినీ చూస్తోంది, ప్రతిసారీ అడిగే మాటే అడగడానికి: "వచ్చే వారం ఎవరింట్లో?"